చెత్త మొదలయ్యేది కొట్టు దగ్గరే: రాయగడలో ఒక ఇంటి సరుకుల లెక్క

వాన వెలిసిన మర్నాడు ఒడిశాలోని మా రాయగడలో నాగావళి ఒడ్డుకు వెళ్తే, నీళ్ళు ఎంత ఎత్తున పారాయో ఎవరినీ అడగనక్కర్లేదు. తుప్పల కొమ్మలకు చిక్కుకుని వేలాడే పాలిథిన్ కవర్లే ఆ మట్టం చూపిస్తాయి. చిక్కుకోనివి ముందుకు కొట్టుకుపోతాయి. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రలోకి దిగి, తోటపల్లి దాటి, శ్రీకాకుళం ఊరి మధ్య నుంచి పారి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే నది ఇది. మా చెల్లెలి అత్తవారిల్లు శ్రీకాకుళంలోనే. నేను ఇక్కడ పారేసిన కవరు వాళ్ళ ఊరి వంతెన కిందికి చేరుతుందన్న ఊహ నన్ను చాలా రోజులు వదలలేదు.

అప్పుడే ఇంట్లో చెత్త తగ్గించే పని పట్టుకున్నాను. మొదటి ఏడాది తడి, పొడి విడదీయడం, ఎరువు చేయడం మీదే శ్రద్ధంతా పెట్టాను. అవి మంచి పనులే. కానీ వస్తువు గుమ్మం దాటి లోపలికి వచ్చాక మనం చేయగలిగింది కొంచెమే. అసలు నిర్ణయం కిరాణా కొట్టు బల్ల దగ్గర, సంతలో తక్కెడ ముందు జరిగిపోతుంది. ఈ మార్గదర్శి ఆ నిర్ణయం గురించి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వంటి ఊళ్ళలో ఉంటున్న మన తెలుగు ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన చుట్టూ సంతలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పెద్ద నగరాల వాళ్ళ కన్నా మనకు ఈ పని సులువు.

మొదటి అడుగు: వారం రోజులు రాసుకోండి

ఏమీ మార్చకుండా ఒక్క వారం గమనించండి. రెండు ఖాళీ బియ్యం సంచులు, ఒక స్ప్రింగు తక్కెడ, ఒక నోటు పుస్తకం చాలు. వంటింటి తడి చెత్త ఒకదానిలో, పొడిది రెండో దానిలో వేయండి. బ్యాటరీలు, గడువు తీరిన మందులు, పగిలిన బల్బుల వంటివి మూడో చోట విడిగా ఉంచండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంటివారిని అడిగింది కూడా ఈ మూడు భాగాల విభజననే.

బరువు ఒక్కటే రాస్తే లాభం లేదు. ప్రతి వస్తువు పక్కన అది ఎక్కడ కొన్నదో, ఎందుకు చెత్త అయిందో రాయాలి. "కొత్తిమీర కట్ట, సంత, కుళ్ళింది." "అన్నం, రెండు గరిటెలు, ఎక్కువ వండాను." "కందిపప్పు ప్యాకెట్, కొట్టు." ఐదుగురం ఉండే మా ఇంట్లో ఆ వారం తడి సంచిలో తొక్కల కన్నా నన్ను బాధపెట్టింది వాడకుండానే పాడైన కూరగాయలు. పొడి సంచిలో బరువు తక్కువే గాని సంఖ్య ఎక్కువ: పాల కవర్లు, పది రూపాయల బిస్కెట్ కాగితాలు, పప్పుల ప్యాకెట్లు, లెక్కలేనన్ని పల్చటి కవర్లు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ళలో వృథా అయ్యే ఆహారం మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలు. తొక్కలు, ఎముకల వంటి తినలేని భాగాలు కూడా ఆ అంకెలో కలిసే ఉన్నాయి. ఐదుగురి ఇంటికి లెక్క వేస్తే రెండున్నర క్వింటాళ్ళు దాటుతుంది. డబ్బు పెట్టి కొని, మోసుకొచ్చి, కడిగి, కొంతభాగం బయట పారబోస్తున్న సరుకు ఇది. గుట్టగా పోసిన చోట గాలి ఆడక కుళ్ళి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది.

రెండో అడుగు: సరుకుల చిట్టాకు ముందు డబ్బాలు తెరవండి

చిట్టా అందరమూ రాస్తాం. గుర్తున్నది రాస్తాం గాని డబ్బాలో మిగిలింది చూడం. నెల సరుకులకు వెళ్ళే ముందు ప్రతి డబ్బా మూత తీసి చూసి, ఎన్ని గ్రాములు ఉందో ఉజ్జాయింపుగా వేసుకుని, తక్కువ పడినంతే రాయండి. కూరగాయలకైతే మూడు నాలుగు రోజుల వంట ముందుగా అనుకుని, దానికి సరిపడేంతే రాయండి.

ఒక శ్రావణంలో చౌకగా వస్తోందని పది కిలోల కందిపప్పు, ఐదు కిలోల బొంబాయి రవ్వ కొన్నాను. వినాయక చవితికి ఉండ్రాళ్ళ పనిలో పడి డబ్బా తెరిస్తే రవ్వ నిండా పురుగు. పప్పును ఎండబెట్టి చెరిగి కొంత దక్కించుకున్నాం గాని రవ్వంతా పారబోయాల్సి వచ్చింది. మన ప్రాంతంలో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. ఎక్కువగా కొంటే ప్యాకింగ్ తగ్గుతుందన్న సలహాను కాలం చూసుకుని పాటించాలని ఆ రోజు నేర్చుకున్నాను.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఒక్కో సరుకుకు ఒక్కో గడువు ఉంది. బియ్యం రెండు నెలలకు కొంటాం, డబ్బాలో ఎండిన వేపాకు వేస్తాం. పప్పులు ఎండాకాలంలో నెలకు, వానాకాలంలో పదిహేను రోజులకు. రవ్వ, శనగపిండి ఎప్పుడూ అరకిలో మించి కొనం. చింతపండు మాత్రం కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో పెడతాం. ఆకుకూరలు రెండు రోజులకు మించి తేవద్దు. కొత్తిమీర వేళ్ళు కోసి తడిగుడ్డలో చుట్టి పెడితే ఇంకో రెండు రోజులు ఆగుతుంది. పచ్చిమిరప తొడిమలు తీసి ఉంచాలి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వేస్తే రెండూ త్వరగా పాడవుతాయి. మగ్గిన అరటిపండ్ల నుంచి వచ్చే వాయువు పక్కనున్న కాయలను కూడా పండిస్తుంది కనుక వాటిని దూరంగా వేలాడదీయండి.

మూడో అడుగు: సంచుల కట్టు

రెండు పెద్ద గుడ్డ సంచులు, పప్పులకూ పిండికీ అయిదారు చిన్న సంచులు, చేపలకూ మాంసానికీ మూత గట్టిగా పట్టే స్టీలు క్యారియర్, పెరుగుకు ఒక గిన్నె. ఇవన్నీ ఒకే పెద్ద సంచిలో మడిచిపెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించండి. స్కూటరు ఉంటే సీటు కింద ఇంకో సంచి ఎప్పుడూ ఉండాలి. కవరు ఇంటికి వచ్చేది మనం మరిచిపోయిన రోజునే.

సంచులు కొత్తవి కొనకండి. పత్తి పండించడానికి, బట్ట నేయడానికి నీళ్ళు, శ్రమ ఎంతో ఖర్చవుతాయి. కొత్త గుడ్డ సంచిని నాలుగుసార్లు వాడి మూలన పడేస్తే కవరు కన్నా మేలు చేసినట్టు కాదు. పాత పంచెలు, చిరిగిన చీరల అంచులు, దిండు గలీబులు చిన్న సంచులకు చక్కగా పనికొస్తాయి. పల్చటి బట్టయితే లోపల ఏముందో కొట్టువాడికి కనిపిస్తుంది, తూకంలో తేడా రాదు.

డబ్బా పట్టుకెళ్తే ముందు ఖాళీ డబ్బాను తూయమని, ఆ బరువు తీసేసి సరుకు తూయమని అడగండి. మొదటి రెండుసార్లు కొత్తగా ఉంటుంది. మా వీధి కిరాణా కొట్టాయన మూడోసారి తనంతట తానే, "డబ్బా తెస్తే నాకూ కవరు ఖర్చు మిగులుతుందమ్మా," అన్నాడు. సంతలో ఒడియా మాట్లాడే వాళ్ళ దగ్గర "జరి దర్కార్ నాహి" అంటే చాలు. జరి అంటే ఇక్కడ పాలిథిన్ కవరు. ఈ మాట సరుకు చేతికి రాకముందే అనాలి. కవరులో వేశాక వద్దంటే ఆ కవరు పక్కన పడిపోతుంది, అంతే.

చట్టం కూడా మన వైపే ఉంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీటు పెట్టెల మీది పల్చటి చుట్టు దేశమంతా నిషిద్ధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చని చేతి కవర్లు అమ్మకూడదు, ఇవ్వకూడదు. గాలికి ఎగిరిపోయే కవరు ఎవరైనా ఇస్తుంటే అది నిషేధంలో ఉన్నదేనని మర్యాదగా చెప్పండి.

నాలుగో అడుగు: సంతను ముందు పెట్టండి, కొట్టును తరువాత

చాలా ఇళ్ళలో కిరాణా కొట్టులో కొనగా మిగిలినవి సంతలో కొంటారు. ఆ వరుసను తిరగేయండి. సంతలో దొరికేవన్నీ కొన్నాక దొరకనివాటికే కొట్టుకు వెళ్ళండి. మా పొడి సంచి బరువులో పెద్ద తేడా తెచ్చింది ఇదే.

మన జిల్లాల సంతలంటే నాకు ఎంతో గౌరవం. బుధవారం చాటికొన సంతకు నియమగిరి కొండల నుంచి డొంగరియా కొంధు అనే ఆదివాసీ తెగ ఆడవాళ్ళు దిగి వస్తారు. వాళ్ళు తెచ్చే అనాస, అల్లం, పసుపు, అరటి, పనస ఏ ప్యాకెట్లోనూ ఉండవు. తట్టలోంచి నేరుగా మన సంచిలోకి వస్తాయి. ఏ ఊరి సంత చూసినా పద్ధతి ఇంతే. పొడిచేసిన పసుపు ప్యాకెట్ బదులు పసుపు కొమ్ములు, కారం ప్యాకెట్ బదులు ఎండుమిరప, షాంపూకు బదులు కుంకుడుకాయలు కొని తెచ్చుకోవచ్చు. కొమ్ములు, మిరప ఎండబెట్టి మరలో ఆడిస్తే చెత్త ఉండదు, కల్తీ భయమూ ఉండదు. మనం చోళ్ళని పిలిచే రాగులను ఇక్కడి వాళ్ళు మండియా అంటారు. అవీ విడిగానే దొరుకుతాయి. అంబలికీ, సంగటికీ, పిల్లల జావకూ ఒక్క సంచితో సరిపోతుంది.

సంతలో ఒక ఇబ్బంది ఉంది. అక్కడ చాలా సరుకు కుప్పల లెక్కన అమ్ముతారు. కుప్ప చౌక, కానీ ఒక ఇంటికి ఎక్కువ. కుప్పెడు వంకాయలు తెచ్చి సగం పారేస్తే చౌక ఏమైనట్టు? మా పక్కింటి మౌసీ, నేను వారం విడిచి వారం సంతకు వెళ్తాం. వెళ్ళినవాళ్ళు కుప్ప కొని ఇంటికి వచ్చాక పంచుకుంటాం. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఇది ఎక్కడైనా సాగుతుంది.

ఇంకో సంగతి. వంకర తిరిగిన కాకరకాయ, చిన్న అనాస, మచ్చ ఉన్న టమాటా ఎవరూ ఏరుకోరు. సాయంత్రం సంత ఎత్తేసేటప్పుడు అవి అక్కడే మిగిలిపోతాయి. ఆ రోజే వండేదైతే అవే కొనండి. ధర గురించి మాత్రం అమ్మే ఆమెతో బేరం పెట్టకండి. పొద్దున్నే కొండ దిగి నడిచి వచ్చిన మనిషి ఆమె.

ఐదో అడుగు: కొట్టులో ఏ ప్యాకెట్ కొనాలి, ఏది కొనకూడదు

ప్యాకెట్లన్నీ చెడ్డవని నేను అనను. మూడింటి విషయంలో ప్యాకెట్టే మేలు. మొదటిది ఉప్పు. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం 2006 మే నుంచి దేశంలో నిషిద్ధం. తెరిచి ఉంచితే, తేమ తగిలితే అయోడిన్ తగ్గిపోతుంది కాబట్టి ప్యాకెట్ ఉప్పు కొని మూత ఉన్న జాడీలో పోయండి. రెండోది నూనె. విడి నూనెలో కల్తీ భయం ఉంది, దాని అమ్మకం మీద ఆంక్షలూ ఉన్నాయి. చెత్త తగ్గించాలని ఆరోగ్యాన్ని పణంగా పెట్టవద్దు. లీటరు కవర్లు ఐదు కొనే బదులు ఐదు లీటర్ల క్యాను కొనండి. మూడోది పసిపిల్లల ఆహారం, మందులు. వీటిలో లెక్కలు చూడనే కూడదు.

మిగతావాటికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఈ ప్యాకింగును పాత సామాన్లవాడు కొంటాడా? అట్టపెట్టె, ఇనుప డబ్బా, గాజు సీసా, నీళ్ళ సీసా, గట్టి ప్లాస్టిక్ డబ్బా, కడిగి ఆరబెట్టిన పాల కవరు తీసుకుంటాడు. లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కాగితాలు, షాంపూ సాచెట్లు తీసుకోడు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కుదరదు. అవే చివరికి కాలువలోకో మంటలోకో పోతాయి. కాబట్టి ఒకే సరుకు రెండు రకాల ప్యాకింగులో ఉంటే అతను కొనేదే మీరూ కొనండి.

సాచెట్ల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొన్నిసార్లు సీసా కన్నా సాచెట్లే చౌకగా తేలతాయి. రోజు కూలి మీద బతికే ఇల్లు సాచెట్ కొంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు. నెల జీతం వచ్చే ఇళ్ళవాళ్ళం మాత్రం పెద్ద సీసా కొనగలం, ఖాళీ అయ్యాక అదే సీసాను ఇంకో పనికి వాడుకోగలం. ధర పోల్చడానికి ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చూడండి. కిలో లోపువైతే గ్రాముకు, కిలో దాటితే కిలోకు ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఉంది. చిన్న ప్యాకెట్లు పది కలిపి పెద్ద ప్యాకెట్లో అమ్మేది ఎప్పుడూ వద్దు.

పాల కవరు కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా వేరు చేయకండి. చిన్న చీలిక పెట్టి దాన్ని కవరుకే అంటి ఉండనివ్వండి. వేరుపడిన ఆ చిన్న ముక్కను ఏరి మళ్ళీ వాడుకునే వీలు ఎవరికీ ఉండదు. కవరు కడిగి, తలకిందులుగా ఆరబెట్టి పోగు చేయండి.

తేదీల్లో రెండు రకాలున్నాయి. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం. మర్నాడే అది విషం కాదు. పొడి సరుకైతే చూసి, వాసన చూసి వాడుకోవచ్చు. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అని ఉంటే మాత్రం ఆ తేదీ దాటాక వాడకూడదు. ఈ తేడా తెలియక నేను ఎన్నో సేమ్యా ప్యాకెట్లు పారేశాను.

ఆరో అడుగు: పండుగలు, శుభకార్యాలు

నెలంతా జాగ్రత్తగా ఉన్న ఇల్లు ఒక్క బారసాలలో ఏడాది చెత్త పోగేస్తుంది. మనకు దీనికి పరిష్కారం అడవిలోనే ఉంది. మన అడ్డాకును ఒడియాలో సియాళి అంటారు. ఆ ఆకుతో కుట్టిన విస్తరిని ఖలి అంటారు, దొప్పను దొనా అంటారు. వాటిని కుట్టి అమ్మే ఆదివాసీ కుటుంబాలు చాలా ఉన్నాయి. వారం ముందు చెబితే కావలసినన్ని తెచ్చి ఇస్తారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. యంత్రంతో అదిమిన కొన్ని ఆకు ప్లేట్లకు అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. తిరగేసి గోటితో గీకి చూడండి, పొర లేస్తే వదిలేయండి. కాగితం గ్లాసులూ అంతే. నీళ్ళు కారకుండా వాటి లోపల ప్లాస్టిక్ పూత వేస్తారు కనుక అవి మట్టిలో పూర్తిగా కలవవు. షామియానా కొట్టులో స్టీలు గ్లాసులు అద్దెకు తీసుకోండి. కడిగే మనిషికి ఇచ్చే కూలి కాగితం గ్లాసుల ఖర్చుతో పోలిస్తే పెద్ద భారం కాదు.

ఏడో అడుగు: పార్సిళ్ళు

ఊళ్ళో దొరికేదాన్ని ఫోనులో తెప్పించుకోకండి. తప్పనిసరైతే నాలుగు వస్తువులు పోగయ్యేదాకా ఆగి ఒకేసారి పెట్టండి. అట్టపెట్టెలను టేపు పీకి అమ్మేయండి.

ఎనిమిదో అడుగు: ఇంకా మిగిలితే

ఇంత చూసి కొన్నా కొంత మిగులుతుంది. బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్కు పచ్చడి మన అమ్మమ్మలు చేసినవే. వారం చివర బుట్టలో మిగిలే ఒక ముల్లంగి, సగం గుమ్మడి ముక్క, రెండు వంకాయలతో ఏం చేయాలో మాకు ఒడియా ఇరుగుపొరుగు నేర్పారు. కందిపప్పులో అన్నీ కలిపి ఉడికించి, నెయ్యిలో జీలకర్ర, ఎండుమిరప పోపు పెట్టి, వేయించిన జీలకర్ర, మిరప పొడి చల్లితే దాల్మా అవుతుంది. దాన్ని మేము శనివారం వంటగా పెట్టుకున్నాం. రాత్రి మిగిలిన అన్నంలో పడుకునే ముందే నీళ్ళు పోస్తే పొద్దున మన చద్దన్నం, ఒడియా వాళ్ళ పఖాళ. అన్నాన్ని బయట గంటల తరబడి వదిలేసి తరువాత నీళ్ళు పోయడం మంచిది కాదు.

తొక్కలకు పెరట్లో ఒక గుంతగాని, అడుగున చిల్లులున్న పాత కుండగాని చాలు. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులు పొరలుగా వేయండి. వాసన వస్తే ఆకులు తక్కువైనట్టు. చోటు లేకపోతే తడి చెత్తను విడిగా మునిసిపాలిటీ బండికి ఇవ్వండి. ఒడిశా పట్టణాల్లో దాన్ని ఎరువు చేసే చిన్న కేంద్రాలను నడిపేది ఎక్కువగా మహిళా సంఘాలే, "మో ఖత" పేరుతో ఆ ఎరువును అమ్ముతారు కూడా. అక్కడ చేతులతో ఏరేది ఆడవాళ్ళే కాబట్టి పగిలిన గాజును, శానిటరీ ప్యాడ్లను కాగితంలో విడిగా చుట్టి, పైన గుర్తు పెట్టి ఇవ్వండి.

నెల తిరిగాక మళ్ళీ తూయండి

అదే తక్కెడ, అవే సంచులు, మళ్ళీ ఒక వారం. పుస్తకంలో రెండు వారాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏది తగ్గలేదో దాన్ని ఒక్కదాన్నే తరువాతి నెలకు పనిగా పెట్టుకోండి. అన్నీ ఒకేసారి మార్చబోతే ఇంట్లో వాళ్ళకు విసుగు పుడుతుంది. మా పుస్తకంలో ముందు పల్చటి కవర్లు, తరువాత పప్పు ప్యాకెట్లు, ఆ తరువాత కుళ్ళిన కొత్తిమీర కట్టలు మాయమయ్యాయి. ఈ నెల మొదటి వరుసలో బిస్కెట్ కాగితాలు ఉన్నాయి. మొన్న ఆదివారం చోళ్ళు వేయించి మరలో ఆడించి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టి పెద్ద డబ్బా నింపాం. బడి నుంచి రాగానే పిల్లల చేయి ఆ డబ్బా మీదికి వెళ్తోందో, కొట్టు వైపు వెళ్తోందో వచ్చే వారం తూకంలో తేలుతుంది.